డెంగీ అవగాహన ఊళ్లో ఎలా చేయాలి: ఆశా, ఏఎన్ఎం, పంచాయతీ సిబ్బందికి సమగ్ర మార్గదర్శి

వానలు మొదలవగానే ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, పంచాయతీ కార్యదర్శులు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "ప్రతి శుక్రవారం డ్రై డే (నీళ్ల పాత్రలు ఖాళీ చేసి ఆరబెట్టే రోజు) చేస్తున్నాం, బ్యానర్ పట్టుకుని ర్యాలీ తీస్తున్నాం, మైకులో చెప్పిస్తున్నాం. అయినా ఆగస్టు వచ్చేసరికి జ్వరాలు జ్వరాలే. ఎక్కడ తేడా కొడుతోంది?"

ర్యాలీ వీధిలో నడుస్తుంది, డెంగీ దోమ పెరట్లో పుడుతుంది. తేడా అక్కడే ఉంది. అవగాహన అంటే ఊరందరికీ మాట వినిపించడం కాదు. ప్రతి ఇంట్లో నీళ్ల తొట్టి దగ్గర ఒక అలవాటు మారడం. ఆ మార్పును లెక్కపెట్టవచ్చు కూడా.

ఇక్కడ రాసిందంతా సుమారు 1,000 జనాభా, 250 ఇళ్లు ఉండే ఊరికి, అంటే దాదాపు ఒక ఆశా పరిధికి సరిపోతుంది. పట్నంలో వార్డుకైనా క్రమం ఇదే, వేళలు మాత్రం మారతాయి. జూన్‌లోనే మొదలుపెడితే మంచిది. డెంగీ మాసమని జూలైలో ఆదేశాలు వచ్చేదాకా ఆగితే సగం తొట్లలో అప్పటికే దోమ పురుగు (లార్వా) ఉంటుంది.

1. చెప్పాల్సిన పని ఒక్కటే పెట్టుకోండి

కరపత్రంలో పది సూచనలు ఉంటే చదివినవాళ్లకు ఒక్కటీ గుర్తుండదు. చేతులు కడుక్కోవడం, చెత్త వేరుచేయడం, కాచి చల్లార్చిన నీళ్లు తాగడం అన్నీ మంచివే. వాటికి వేరే రోజు పెట్టుకోండి. ఈ సీజన్‌కు ఈ ఒక్క వాక్యం చాలు:

"వారానికోసారి నీళ్ల పాత్రలన్నీ ఖాళీ చేసి, లోపలి గోడలు పీచుతో రుద్ది, ఆరబెట్టి, మళ్లీ నింపి మూత పెట్టాలి."

ఇందులో ఏ ముక్కా తీసేయడానికి వీల్లేదు. ఎందుకో చెప్పే మనిషికి ముందు తెలియాలి. డెంగీని మోసే ఈడిస్ దోమ గుడ్లను నీటి అంచుకు కాస్త పైన, తడి గోడకు అంటిస్తుంది. నీళ్లు పారబోస్తే పురుగులు పోతాయి కానీ గుడ్లు గోడకే ఉంటాయి. ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకే రుద్దడం. గుడ్డు పొదిగి దోమగా ఎగరడానికి మన వాతావరణంలో 7 నుంచి 10 రోజులు పడుతుంది. అందుకే వారం. పదిహేను రోజులకోసారి చేస్తే ఈలోపు దోమలు ఎగిరిపోతాయి, చేసిన పని వృథా.

పాడేరు, రంపచోడవరం వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో పనిచేసేవాళ్లకు ఒక మాట. అక్కడ అసలు పోరు మలేరియాతో. ఆ దోమ వాగుల్లో, నీటి గుంటల్లో పుట్టి రాత్రిపూట కుడుతుంది. దానికి దోమతెర వాడకం, మందు కొట్టిన గోడను అలికి చెరపకుండా ఉంచడం ముఖ్యం. ఆ ప్రచారాన్ని దీనితో కలపకండి. రెండూ కలిస్తే "దోమలు మంచివి కావు" అన్న ముక్కే మిగులుతుంది, అది అందరికీ ముందే తెలుసు.

2. ముందు చూడండి, తర్వాత చెప్పండి

ప్రచారం మొదలయ్యే రెండు మూడు వారాల ముందు వీధికి కొన్ని చొప్పున 50 ఇళ్లు చూడాలి. తెలిసినవాళ్ల ఇళ్లే ఏరుకోకుండా, ప్రతి వీధిలో అయిదో ఇల్లు, పదో ఇల్లు అని వరసగా వెళ్లండి.

వెంట తీసుకెళ్లాల్సినవి:

- మంచి టార్చి. సెల్‌ఫోన్ వెలుగు లోతు తొట్టి అడుగుదాకా చాలదు.
- తెల్ల గిన్నె లేదా తెల్ల మగ్గు. రంగు మగ్గులో పురుగు కనపడదు.
- మూత ఉన్న చిన్న గాజు సీసా.
- కొబ్బరి పీచు లేదా గట్టి బ్రష్షు.
- ఇల్లు చూసిన తేదీ గోడ మీద వేయడానికి సుద్దముక్క.
- రిజిస్టరు: ఇల్లు, చూసిన పాత్రలు, పురుగు ఉన్న పాత్రలు, అవి ఏ రకం.

తొట్టి మీదికి ఒక్కసారిగా వంగకండి. నీడ పడితే పురుగులు అడుగుకు దిగిపోతాయి, తొట్టి శుభ్రంగా ఉన్నట్టే అనిపిస్తుంది. పక్కనుంచి వెలుగు వేసి ఒకటి రెండు నిమిషాలు ఆగండి. ఊపిరి కోసం పైకి రాక తప్పదు, అప్పుడు గిన్నెతో ముంచండి.

ఎక్కడెక్కడ చూడాలి? కోస్తాలో గాబు, తెలంగాణలో గోలెం అనే సిమెంటు తొట్టి మొదటిది. తర్వాత ప్లాస్టిక్ డ్రమ్ములు, మేడమీద ట్యాంకు, కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే, పెరట్లో వాడకుండా పడి ఉన్న రోలు, కోళ్లకు నీళ్లు పెట్టే చిప్ప, మనీప్లాంట్ సీసా, కొబ్బరి చిప్పలు, పాత టైర్లు. మరుగుదొడ్డిని కట్టెలు, బస్తాలు పెట్టుకునే గదిలా వాడుతున్న ఇళ్లుంటాయి. దాని లోపల నీళ్ల తొట్టి వైపు ఎవరూ చూడరు, మీరు చూడండి. సగం కట్టి ఆపేసిన ఇంటి సంపును అసలు వదలకండి.

లెక్క ఇలా. 50 ఇళ్లు చూస్తే 12 ఇళ్లలో పురుగు దొరికిందనుకోండి, నూటికి 24 ఇళ్లు. దీన్నే హౌస్ ఇండెక్స్ అంటారు. ఆ 50 ఇళ్లలో మొత్తం 18 పాత్రల్లో పురుగు ఉంటే నూరిళ్లకు 36 పాత్రలు. ఇది బ్రెటో ఇండెక్స్. మలేరియా విభాగం వాళ్లు అడిగేవి ఇవే. మీకు వీటికంటే ఎక్కువ పనికొచ్చేది మరొకటి ఉంది: ఏ రకం పాత్రలో ఎక్కువ దొరికింది? పద్దెనిమిదిలో పన్నెండు గాబులే అయితే ఊళ్లో మాట్లాడాల్సింది గాబు గురించి. టైర్ల బొమ్మ ఉన్న పోస్టరు అక్కడ ఎందుకు?

3. వేళ, రోజు, మనుషులు

నాట్ల సమయంలో, ఉపాధి హామీ పనులు నడుస్తున్నప్పుడు పొద్దున పదకొండుకు వెళ్తే ముసలివాళ్లు, తాళాలే కనిపిస్తాయి. పొద్దున ఏడు లోపు, లేదా సాయంత్రం అయిదు తర్వాత వెళ్లండి. పట్నంలో సెలవు రోజు నయం. హైదరాబాద్‌లో 2020లో "ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు" అని పిలుపు ఇచ్చింది అందరూ ఇళ్లలో ఉంటారనే.

రోజు విషయంలో చాలామంది పట్టించుకోనిది కుళాయి. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే ఊళ్లో గురువారం నింపుకున్న గాబును శుక్రవారం పారబోయమంటే ఎవరు వింటారు? అడిగిన మనిషిని లోపల తిట్టుకుంటారు కూడా. కుళాయి వచ్చే ముందు గాబు ఎలాగూ సగానికి పైగా ఖాళీ అయి ఉంటుంది. కడిగే సమయం అదే. పైనుంచి వచ్చే డ్రై డే శుక్రవారమే కావచ్చు, మీ తనిఖీ ఆ రోజే పెట్టుకోండి. ఇంటివాళ్లకు మాత్రం "వారంలో ఒకసారి, నీళ్లొచ్చే ముందు" అని చెప్పండి.

చాలా ఇళ్లలో శుక్రవారం ఇల్లు కడిగి గడపకు పసుపు రాస్తారు. ఆదివారం చర్చికి వెళ్లే ఇళ్లలో శనివారం శుభ్రం చేసుకుంటారు. ఆ పనికే గాబును కలిపేస్తే సరి. "శుక్రవారం పూట ఇంట్లోది పారబోయడమేంటి" అని పెద్దావిడ ఎవరైనా అంటే వాదించకండి, గురువారం సాయంత్రం చేయమనండి. దోమకు వారం తెలియదు.

కలుపుకోవాల్సినవాళ్లు:

- సర్పంచి లేదా వార్డు సభ్యులు. వాళ్ల ఇంటి తొట్టి ముందు చూడాలి, అందరికీ తెలిసేలా చూడాలి.
- పొదుపు సంఘాల లీడర్లు. సంఘం మీటింగులో పది నిమిషాలు అడగండి.
- అంగన్‌వాడీ టీచర్, బడి హెచ్‌ఎం.
- పంచాయతీ పారిశుధ్య సిబ్బంది. చెత్త బండి మైకు వాళ్ల దగ్గరే ఉంటుంది.
- ఊళ్లో ఆర్ఎంపీ. ఆయన్ను వదిలేస్తే ఆరో మెట్టులో ఇబ్బంది పడతారు.

ఖర్చుకు గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీకి ఏటా 10 వేల రూపాయల వరకు ఇచ్చే నిధి ఉంది. ఫ్లెక్సీల కంటే టార్చిలు, పీచులు, తొట్టి మూతలకు గుడ్డలు కొనడం మేలు.

4. పెరట్లో అయిదు నిమిషాలు

ఈ మెట్టు సరిగ్గా నడిస్తే మిగతావన్నీ ఒక మోస్తరుగా జరిగినా ఫలితం కనిపిస్తుంది. క్రమం మార్చకండి.

మొదట, ఉపన్యాసం వద్దు, అనుమతి అడగండి. "వదినా, గాబు ఒకసారి చూస్తాను, టార్చి వేయనా?" అంటే ఎవరూ కాదనరు. "డెంగీ గురించి చెప్పడానికి వచ్చాం" అంటే గుమ్మంలోనే తలూపి పంపించేస్తారు.

రెండోది, ఇంటావిడ పక్కన ఉండగానే చూడండి. పురుగు దొరికితే తెల్ల గిన్నెలో ఆమెకే చూపించండి. చాలామంది వాటిని "నీళ్ల పురుగులు" అంటారు, అవే దోమలవుతాయని అనుకోరు. వీలైతే ముందురోజు పట్టిన పురుగుల్ని గాజు సీసాలో ఉంచి, మూతికి సన్నటి గుడ్డ కట్టి వెంట తీసుకెళ్లండి. కొద్ది రోజుల్లో అందులో దోమ ఎగురుతుంది. ఆ సీసా చేసే పని ఏ వీడియో చేయదు. తిరుగు దారిలో ఆ నీళ్లు ఎక్కడో పారబోయకండి, సీసాలో సబ్బు నీళ్లు పోసి చంపేయండి.

మూడోది, తప్పు పట్టకండి. సంభాషణ ఇలా నడిస్తే బాగుంటుంది:

"మొన్ననే కడిగామమ్మా."
"నీళ్లు మార్చారా వదినా, పీచుతో కూడా రుద్దారా?"
"రుద్దడమా? నీళ్లు మార్చాం, అంతే."
"అందుకే మళ్లీ వచ్చాయి. గుడ్లు ఇదిగో ఈ అంచుకు అంటుకుని ఉంటాయి. చెయ్యి పెట్టి చూడండి, ఈ జిగురు పోవాలి."

నాలుగోది, పని ఆమె చేత చేయించండి. మీరు రుద్ది చూపిస్తే "ఆశా వచ్చి కడిగింది" అవుతుంది, వచ్చే వారం మీ కోసం చూస్తారు. నీళ్లను కాలవలో కాకుండా ఎండిన మట్టిలో పోయించండి, చెట్టు మొదట్లో పోసినా నీరు వృథా పోదు.

అయిదోది, రోజు ఖాయం చేసుకోండి. "మీ ఇంట్లో ఏ రోజు కుదురుతుంది?" అని అడిగి, ఆ రోజు పేరు ఆమె నోటితోనే అనిపించి రిజిస్టరులో రాయండి. వచ్చే వారం దాని మీదే మాట్లాడొచ్చు.

బయల్దేరే ముందు సరిచూసుకోండి:

- ఇంటివాళ్లు పురుగును కళ్లారా చూశారా?
- ఒక్క తొట్టి అయినా వాళ్లే రుద్దారా?
- మూతకు సందు ఉందా? సందున్న రేకు కంటే బిగించి కట్టిన పాత గుడ్డ మేలు.
- మేడ మీద, పెరటి మూల చూశారా?
- జ్వరం ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారా?

5. వంపలేని నీళ్లకు ఏం చేయాలి

పెద్ద సంపులు, పారబోయడానికి వీల్లేని తొట్లలో అబేటు (దోమ పురుగుల్ని చంపే టెమిఫాస్) మందు వేస్తారు. తాగే నీళ్లలో మందు వేశారని జనం టెన్షన్ పడటం సహజం, కొందరు మీరు వెళ్లగానే పారబోస్తారు. లీటరుకు 1 మిల్లీగ్రాము మించని మోతాదులో దాన్ని నీటి తొట్లలో వాడటానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుమతి ఉంది. ఆ మాట వేసే ముందే చెప్పాలి, వేశాక కాదు. కొలత మలేరియా సిబ్బంది చూసుకోవాలి, చేతి అంచనాతో పోయకూడదు. వంటకు, తాగడానికి వాడే బిందెలకు మందు అక్కర్లేదు, కడిగితే చాలు.

దోమ పురుగుల్ని తినే గంబూషియా చేపలు వాడకంలో లేని బావులకు, పెద్ద నీటి తొట్లకు పనికొస్తాయి. చెరువుల్లో, వాగుల్లో వదలకండి, అక్కడి చిన్న చేపల్ని, కప్ప పిల్లల్ని తినేస్తాయి. మేడమీద ట్యాంకు మూత పగిలి ఉంటే మార్పించడం, పైపు నోటికి సన్న జాలీ కట్టించడం ఒక్కసారి చేసే పని.

6. జ్వరం గురించి చెప్పాల్సింది

ఇక్కడ మాట తేడా వస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే కంఠస్థం అయ్యేదాకా మీలో మీరు చెప్పి చూసుకోండి.

- ఒక్కసారిగా ఎక్కువ జ్వరం, కళ్ల వెనక నొప్పి, ఒళ్లు, కీళ్ల నొప్పులు ఉంటే సబ్ సెంటర్‌కు లేదా పీహెచ్‌సీకి రావాలి.
- జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే, చెప్పిన మోతాదులోనే. ఐబుప్రోఫెన్, యాస్పిరిన్, డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు వద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.
- గంజి, మజ్జిగ, కొబ్బరి నీళ్లు, ఓఆర్‌ఎస్ తరచూ తాగాలి. మూత్రం సరిగ్గా వస్తోందో లేదో గమనించాలి.
- రోగిని పగలు కూడా దోమతెరలో పడుకోబెట్టాలి. ఈడిస్ పగటి దోమ. రోగిని కుట్టిన దోమే పక్కవాళ్లకు అంటిస్తుంది.

అన్నిటికంటే తరచుగా జారిపోయే విషయం: జ్వరం తగ్గాక ప్రమాదం మొదలవుతుంది. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగగానే "తగ్గిపోయింది" అనుకుని పొలానికి వెళ్తారు. ఆ ఒకటి రెండు రోజులే కనిపెట్టి ఉండాలి. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి లేదా ముక్కు నుంచి రక్తం, నల్లటి విరేచనం, చేతులు కాళ్లు చల్లబడటం, మత్తుగా లేదా అస్థిమితంగా ఉండటం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేయాలి. జ్వరం వచ్చిన ఇంటికి ఆ రోజుల్లో రోజూ ఒకసారి వెళ్లి రావడం ఎంత పెద్ద సభ కంటే అయినా విలువైనది.

పరీక్షల గురించి అడుగుతారు. మొదటి అయిదు రోజుల్లో ఎన్ఎస్1 (రక్తంలో వైరస్ ప్రొటీన్), ఆ తర్వాత ఐజీఎం (ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ) చూస్తారు. కార్డు పరీక్షలో పాజిటివ్ వస్తే అనుమానిత కేసే, ఎలీసా అనే ల్యాబ్ పరీక్షతో ఖరారు చేయాలి. ప్లేట్‌లెట్ల మీద ఊళ్లో భయం చాలా ఉంది. సంఖ్య పడిపోతే వెంటనే ఎక్కించాలని లేదు, రక్తం చిక్కబడటం, బీపీ, రక్తస్రావం కలిపి చూసి డాక్టర్ నిర్ణయిస్తారు. బొప్పాయి ఆకు రసం తాగుతామంటే కొట్లాడకండి. దాని కోసం ఆసుపత్రికి వెళ్లడం ఆపవద్దని మాత్రం గట్టిగా చెప్పండి.

ఆర్ఎంపీతో సీజన్‌కు ముందే కూర్చుని రెండు మాటలు అనుకోండి: నొప్పుల ఇంజెక్షన్ చేయకూడదు, రెండో రోజుకే పంపించాలి. జనం ముందు ఆయన్ను తక్కువ చేస్తే ఆయన దగ్గరికి వచ్చిన జ్వరాల కబురు మీకు అందదు.

7. బడి, హాస్టల్, మండపం

పిల్లలకు పాఠం కాదు, పని ఇవ్వండి: ఇంట్లో నీళ్లు నిలిచే చోట్లు ఎన్నో లెక్క రాసుకు రమ్మనండి. హాస్టళ్లలో తొట్లను, కిటికీ జాలీలను వార్డెన్‌తో కలిసి చూడండి. వినాయక చవితి మండపాల వెనక నీళ్ల డ్రమ్ములు, డిస్పోజబుల్ గ్లాసులు పోగవుతాయి, కమిటీ కుర్రాళ్లకు నిమజ్జనం తర్వాత కాదు, మొదటి రోజే చెప్పాలి.

8. తరచూ జరిగే తప్పులు, సవరణలు

పొగ బండి కోసం పట్టుబట్టడం. సర్పంచిని అదే అడుగుతారు, ఎందుకంటే పొగ కనిపిస్తుంది. అది ఎగిరే దోమల్ని కొన్నిటిని చంపుతుంది, తొట్టిలో పురుగును ఏమీ చేయదు. పైగా ఈడిస్ మంచాల కింద, వేలాడదీసిన బట్టల వెనక దాక్కుంటుంది, తలుపులు మూసుకుంటే పొగ లోపలికి రాదు. కేసు వచ్చిన చోట పొగ కొట్టినా, అదే రోజు చుట్టుపక్కల ఇళ్ల తొట్లు రుద్దించాలి.

కాలవల వెంట బ్లీచింగ్ చల్లడం. తెల్లటి గీత ఫొటోలో బాగా వస్తుంది, డెంగీ దోమకు దానితో పనిలేదు. మురుగు కాలవలో పెరిగేవి ఎక్కువగా క్యూలెక్స్ దోమలు. పూడిక తీయడం అవసరమే, అది డెంగీ పని అని లెక్క రాయకండి.

ఆడవాళ్లతోనే మాట్లాడటం. మేడమీద ట్యాంకు, పాత టైర్లు, సగం కట్టిన ఇల్లు సాధారణంగా మగవాళ్ల చేతిలో ఉంటాయి. టీ కొట్టు దగ్గర, పంక్చర్ షాపు దగ్గర ఆగి చెప్పండి.

తాళం వేసిన ఇళ్లను వదిలేయడం. జాబితా రాసి, తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుని పంచాయతీ ద్వారా తెరిపించండి. ఒక్క ఖాళీ ఇంటి సంపు చాలు, వీధి మొత్తానికి.

రోగి పేరు వాట్సాప్ గ్రూపులో పెట్టడం. ఆ తర్వాత ఆ వీధిలో జ్వరం వచ్చినవాళ్లు చెప్పడం మానేస్తారు. "ఫలానా వీధిలో కేసు వచ్చింది, అందరూ తొట్లు చూసుకోండి" అంటే చాలు.

9. మళ్లీ వెళ్లండి, మళ్లీ లెక్కపెట్టండి

మూడు వారాల తర్వాత మళ్లీ 50 ఇళ్లు చూడండి. ఈసారి వేరే వరస ఇళ్లు తీసుకుంటే అసలు సంగతి తెలుస్తుంది, ముందు చూసిన ఇళ్లు మీరొస్తారని సిద్ధంగా ఉంటాయి. ఫలితాన్ని గ్రామసభలో వీధుల వారీగా చెప్పండి, ఇళ్ల పేర్లు వద్దు. ర్యాలీలు, హాజరు, పంచిన కరపత్రాల సంఖ్య పై అధికారులు అడుగుతారు, ఇవ్వండి. మీ రిజిస్టరులో మొదటి పేజీ మాత్రం పురుగు ఉన్న ఇళ్ల సంఖ్యకే ఉంచండి.

అంకె తగ్గకపోతే ఇలా వెతకండి:

- అవే ఇళ్లలో మళ్లీ మళ్లీ దొరుకుతోందా? మూత లేదా నీటి సరఫరా సమస్య. పంచాయతీతో మాట్లాడాలి.
- కొత్త ఇళ్లలో దొరుకుతోందా? మీరు వెళ్లని వీధి ఏదో ఉంది.
- తొట్లు శుభ్రంగా ఉన్నా కేసులు వస్తున్నాయా? మేడలు, ఖాళీ స్థలాలు, బడి, పని చేసే చోటు చూడండి. పగలు కుట్టే దోమ కాబట్టి జబ్బు ఇంట్లోనే అంటిందని చెప్పలేం.

వానలు ఆగి చలి ముదిరాక వారం వారం తిరగడం తగ్గించుకోవచ్చు. ఆ చివరి విడతలో వాడకుండా పక్కన పెట్టే కూలర్లు, డ్రమ్ములను రుద్ది, ఎండబెట్టి, బోర్లించి పెట్టమని ఇంటింటికీ చెప్పండి. వాటి గోడలకు మిగిలిన గుడ్లే వచ్చే వేసవిలో కూలర్‌లో మొదటి బిందె నీళ్లు పోయగానే పొదుగుతాయి.